ఖాళీ వారాలు

చిన్నకోడలు, ఆమె భర్త ఆసుపత్రి నుంచి తిరిగొచ్చేసరికి పెద్దకోడలు ముందుగదిలో కూర్చుని ఒక పాత సోఫాకి గుడ్డ విప్పుతోంది. ఆ ఇంట్లో ముందుగదే కొట్టు. సోఫాలు, కుర్చీలు, పరుపులు బాగుచేసే పని. వెనక మూడు గదుల్లో కాపురాలు. తుప్పు పట్టిన మేకుల్ని పటకారుతో ఒక్కొక్కటే లాగి డబ్బాలో వేస్తుంటే గుడ్డ మడతల్లోంచి ఎవరివో తలపిన్నులూ, పెన్ను మూతా, ఎండిపోయిన నారింజ గింజలూ రాలి పడుతున్నాయి.

అత్తగారు కుర్చీలోంచి లేచి ఎదురెళ్ళింది. "ఏమన్నార్రా?"

మరిది ముఖం వెలిగిపోతోంది. "ఏడు వారాలటమ్మా. గుండె కొట్టుకోవడం కూడా చూపించారు. మినుకు మినుకుమంటోంది. మొత్తం మనిషి ఇంతే" అని చిటికెనవేలి కొస చూపించాడు.

"ఏడు వారాలా?"

"అవును, ఏడు."

అత్తగారు నవ్వుతూనే ఉంది. కానీ ఆమె బొటనవేలు మిగతా వేళ్ళ కణుపుల మీద నడవడం పెద్దకోడలు చూసింది. ఒక వేలు, రెండో వేలు, మూడోది. మళ్ళీ మొదటినుంచి. చిన్నకొడుకు వంతెన పని మీద మూడు నెలలు వేరే ఊళ్ళో క్రేను నడిపి, ఇంటికొచ్చి ఐదు వారాలు దాటిందంతే. వచ్చిన రోజు వ్యాను దిగుతూ కాలు బెణికించుకున్నాడు కాబట్టి ఆ రోజు అందరికీ గుర్తే.

పెద్దకోడలికి వేళ్ళతో పనిలేకపోయింది. డాక్టర్లు ఏడు వారాలన్నారంటే బిడ్డ కడుపున పడి ఐదు వారాలైందని. ఆ లెక్క ఆమెకి నిద్రలో లేపి అడిగినా వస్తుంది. పటకారు పక్కన పెట్టి, "అది కాదత్తయ్యా, వాళ్ళ లెక్క..." అంటూ లేవబోయింది.

"నువ్వుండవే పెద్దమ్మాయ్" అంది అత్తగారు అటు తిరగనైనా తిరక్కుండా. "కడుపు సంగతులు నీకేం తెలుస్తాయి?"

కసిరినట్టు అనలేదు. దారికి అడ్డంగా ఉన్న ముక్కాలిపీటని పక్కకి జరిపినట్టు అంది. పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా కడుపు పండని కోడలు ఇలాంటివి చాలానే విని ఉంది. అయినా కొన్ని మాటలు పాతబడవు. పెద్దకోడలు కూర్చుని మళ్ళీ పటకారు అందుకుంది. తెలీదన్నారుగా, తెలీనట్టే ఉందాం అనుకుంది. ఆ పూటకి అది ఉత్త కోపం.

మరిది చేతులు కడుక్కోవడానికి వెళ్తుంటే అత్తగారు అతని వెనకే వెళ్ళింది. ఇద్దరూ పెరట్లో చాలాసేపు నిలబడ్డారు. తిరిగి వచ్చినప్పుడు అతని ముఖంలో ఇందాకటి వెలుగు లేదు. చిన్నకోడలు స్కానింగు కాయితాన్ని అద్దం పక్కన గోడకి అంటించాలని జిగురు వెతుక్కుంటోంది. "ఇప్పుడదెందుకు, తర్వాత చూద్దాంలే" అన్నాడు.

మర్నాటికి ఇంట్లో మాటలు తగ్గి చూపులు ఎక్కువయ్యాయి. చిన్నకోడలు ఇచ్చిన టీ అత్తగారు ఒక గుక్క తాగి కింద పెట్టేసింది. చక్కెర ఎక్కువైందని ఒకసారి, తక్కువైందని ఒకసారి అంది. చిన్నకోడలు బజారుకి వెళ్ళి కాస్త ఆలస్యంగా వస్తే, "ఇంతసేపా?" అనలేదు. గోడ గడియారం వైపు చూసి ఊరుకుంది. అడిగినా బాగుండేది.

గిన్నెలు తోముతున్న పెద్దకోడలి దగ్గరకి వచ్చి అత్తగారు గొంతు తగ్గించి అడిగింది. "నేను మా చెల్లెలింటికి వెళ్ళిన రోజుల్లో నీళ్ళ మోటారు చెడిపోయిందన్నావు కదూ?"

"అవును. రెండుసార్లు."

"బాగుచేయడానికి వచ్చినవాడికి టీ ఎవరిచ్చారు?"

"ఒకసారి నేనిచ్చాను. ఒకసారి తనిచ్చింది."

"అదీ సంగతి" అంది అత్తగారు. "బంగారంలాంటి మోటారు. ఇన్నేళ్ళలో ఎన్నడూ మొరాయించలేదు. మనవాడు ఊళ్ళో లేనప్పుడే రెండుసార్లు చెడిందంటే ఏమనుకోవాలి? నిప్పు లేందే పొగ రాదు."

పెద్దకోడలికి నవ్వొచ్చింది. ఆ మోటారు మనిషికి అరవై ఏళ్ళు దాటి ఉంటాయి. ఒక చెవి వినపడదు. టీ తెచ్చానని మూడుసార్లు అరిచి చెప్తే నాలుగోసారి "మోటారుకేం కాదమ్మా" అన్నాడు. ఈ సంగతి చెప్తే అత్తగారు కూడా నవ్వేదే. గిన్నెకి పట్టిన మసి మీద చెయ్యి పెట్టి గట్టిగా రుద్దింది గానీ, చెప్పలేదు.

మధ్యాహ్నం ఆమె భర్త బాగుచేసిన కుర్చీలు బండిలో వేసుకుని ఇచ్చిరావడానికి వెళ్ళాడు. కొట్లో ఆమె ఒక్కతే మిషను మీద సోఫా అంచులకి తాడు కుడుతోంది. మరిది వచ్చి ఎదురుగా, గుడ్డ లేని సోఫా చట్రం మీద కూర్చున్నాడు. కాసేపు స్ప్రింగుని వేలితో నొక్కుతూ వదులుతూ ఉన్నాడు.

"వదినా."

"ఊఁ."

"నేను లేనప్పుడు... ఇంటికెవరైనా వచ్చిపోతుండేవారా?"

మిషను ఆగింది. ఏడులోంచి రెండు తీసెయ్యి నాయనా, అంతటితో సరి. ఆ మాట ఆమె నాలిక చివరే ఉంది. సరిగ్గా అప్పుడే లోపలి గదిలోంచి చిన్నకోడలు వాంతి చేసుకోవడం వినిపించింది. గొంతులోంచి పేగులు పెకలించుకుని వస్తున్నంత చప్పుడు. ఆ చప్పుడు తన గొంతులోంచి రావాలని ఆమె ఎన్ని పొద్దులు ఎదురుచూసిందో ఆమెకే తెలుసు. పెళ్ళయి రెండేళ్ళు కాలేదు, అందులో మొగుడు సగం రోజులు ఊళ్ళోనే లేడు. దీనికి మాత్రం అడగకుండానే వచ్చేసింది.

"మోటారు బాగుచేసేవాడు వచ్చాడు" అంది పెద్దకోడలు.

"కొత్తవాడా?"

"కొత్తవాడే."

"ఎలాంటివాడు?"

"మంచివాడే. నెమ్మదస్తుడు. తన పని తను చూసుకుని పోయాడు."

అందులో ఒక్క అబద్ధం లేదు. అతను లేచి వెళ్ళిపోయాక ఆమె మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. కుట్టు వంకర పోయింది. విప్పి మళ్ళీ కుట్టింది. మళ్ళీ వంకరే. లెక్క సరిపోయినంత మాత్రాన మనిషి మంచిదని ఏముంది, ఎవరు చూడొచ్చారు, అని తనకి తాను చెప్పుకుంది. చిన్నకోడలు ఫోనులో నవ్వుతూ మాట్లాడిన సందర్భాలు, తను రాగానే ఫోను పెట్టేసిన సందర్భాలు ఒక్కొక్కటే తవ్వి తీసింది. ఆ అమ్మాయి మాట్లాడింది వాళ్ళ నాన్నతో అని తెలుసు. అయినా తవ్వింది. అనుమానం అనేది ఒకరు పెట్టిన పొయ్యి మీద ఇంకొకరు వండుకునే వంట. ఎవరి అవసరం వాళ్ళది.

ఆ రోజు నుంచి మరిది పడక కొట్లోకి మారింది. నడుం నొప్పి, మంచం మెత్తగా ఉందన్నాడు. ఊరందరి పరుపులూ సరిచేసే ఇంట్లో మంచం బాగాలేదని చెప్పడానికి అతనికే సిగ్గేసినట్టుంది, ఎవరి కళ్ళలోకీ చూడలేదు.

మూడోరోజు సాయంత్రం పెద్దకోడలు నేల మీద గుడ్డ పరిచి సుద్దతో కొలతలు గీస్తుంటే చిన్నకోడలు వచ్చి రెండో కొస పట్టుకుంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. కొట్టు రెండో మూల పెద్దకోడలి భర్త ఒక కుర్చీకి గుడ్డ బిగిస్తున్నాడు. చిన్న మేకులు గుప్పెడు నోట్లో వేసుకుని, పెదాల మధ్యనుంచి ఒక్కొక్కటి తీస్తూ కొట్టడం అతని అలవాటు. అందుకే పని చేస్తున్నంతసేపూ ఎవరూ అతన్ని మాట్లాడించరు. అతనికీ అది సుఖంగానే ఉంటుంది.

"నిన్న ఆయన నన్ను అడిగేశాడక్కా" అంది చిన్నకోడలు, గుడ్డ మీంచి చూపు ఎత్తకుండా. "ఎవరిదని అడగలేదు. ఎప్పటిది అని అడిగాడు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? నీదేనన్నాను. నేనేం తప్పు చేయలేదన్నాను. అయితే ఆ రెండు వారాలు ఎక్కడివి అన్నాడు." ఆమె గొంతు ఇంకా తగ్గించింది. "నేను తప్పు చేయలేదు, అది నాకు తెలుసు. కానీ డాక్టరు ఊరికే చెప్పదుగా. మిషను అబద్ధం చెప్పదుగా. ఆలోచించి ఆలోచించి పిచ్చెక్కుతోందక్కా. ఆ మూడు నెలలూ మా గది గడియ సరిగ్గా పడేది కాదు గుర్తుందా? జ్వరం మాత్ర వేసుకుని ఒళ్ళు తెలీకుండా పడుకున్న రోజులున్నాయి. నాకు తెలీకుండా ఏమైనా..."

అక్కడ ఆగిపోయింది. ఆమె చూపు ఒక్క క్షణం కొట్టు రెండో మూలకి వెళ్ళి, భయపడ్డట్టు వెనక్కి వచ్చేసింది.

సుత్తి టకటకమంటూనే ఉంది.

పెద్దకోడలి చేతిలో సుద్దముక్క రెండుగా విరిగింది. ఆ మూడు నెలలూ ఇంట్లో ఉన్న మగవాడు ఒక్కడే. నిన్న తన భర్త వరండాలోకి రాగానే ఈ అమ్మాయి లేచి లోపలికెందుకు వెళ్ళిపోయిందో, తలుపు వెనక కుర్చీ ఈడ్చిన చప్పుడెందుకైందో ఇప్పుడు తెలిసింది. తను నోరు మూసుకుని కూర్చుంటే అనుమానం కూడా ఒకచోట బుద్ధిగా కూర్చుంటుందనుకుంది. అది ఇల్లంతా తిరుగుతోంది. ఏ తప్పూ చేయని పిల్ల తన ఒంటినే తను నమ్మలేని దాకా వెళ్ళింది.

"ఒసేయ్, ఇటు చూడు..." అని ఆమె మొదలుపెట్టేలోగా అత్తగారు లోపలినుంచి వచ్చింది. వెనకే మరిది.

"మీ నాన్నకి ఫోను చేశానమ్మాయ్" అంది అత్తగారు చిన్నకోడలితో, ఎంతో మర్యాదగా. "రేపు వస్తానన్నారు. కొన్నాళ్ళు మీ ఇంట్లో ఉండిరా. తర్వాత సంగతి తర్వాత చూసుకుందాం."

చిన్నకోడలు భర్త వైపు చూసింది. అతను గోడ వైపు చూశాడు.

"డాక్టరు నిన్ను మొట్టమొదట ఏమడిగింది?" అంది పెద్దకోడలు గట్టిగా. చిన్నకోడలికి అర్థం కాలేదు. "స్కానింగుకి ముందు. ఏమడిగింది?"

"ఆఖరిసారి నెలసరి ఎప్పుడొచ్చిందని."

"ఎప్పుడొచ్చింది?"

"ఛీ, ఏమిటా మాటలు, మగాళ్ళ ముందు?" అంది అత్తగారు.

"మగాళ్ళు వినాల్సినవే అత్తయ్యా. చెప్పవే, ఎప్పుడు?"

"ఆయన రావడానికి పదీ పన్నెండు రోజుల ముందు."

పెద్దకోడలు విరిగిన సుద్దతో ఆ కొత్త గుడ్డ మీదే ఒక పొడుగాటి గీత గీసింది. ఎవరో డబ్బిచ్చి కొనుక్కున్న గుడ్డ, అయినా గీసేసింది. "డాక్టర్లు లెక్క మొదలుపెట్టేది ఇక్కడ. నెలసరి వచ్చిన మొదటి రోజు నుంచి. ఇదిగో, ఇక్కడ ఈయన వ్యాను దిగి కాలు బెణికించుకున్నాడు. ఇక్కడ, రెండు వారాలకి, అండం విడుదలవుతుంది. ఆడదానికి కడుపు నిలిచే రోజులు నెలంతటిలో ఆ చుట్టుపక్కల నాలుగైదే. బిడ్డ పడింది ఇక్కడ. అంటే నీ మొగుడు ఇంట్లో కుంటుకుంటూ తిరుగుతున్నప్పుడు. వాళ్ళు చెప్పిన ఏడు వారాల్లో మొదటి రెండూ ఖాళీ. కడుపులో ఏమీ లేని వారాలు."

"ఖాళీ కడుపుకి వారాలెందుకు లెక్కపెడతారే?" అంది అత్తగారు. "ఇదెక్కడి చోద్యం?"

"బిడ్డ పడిన రోజు ఏదో ఎవరికీ కచ్చితంగా తెలీదు కనక. నెలసరి రోజు అందరికీ తెలుస్తుంది కనక. తెలిసినదాని నుంచే లెక్క. స్కానులో బిడ్డని కొలిచినా చెప్పేది ఇదే లెక్కలో. లోకమంతా ఇంతే."

"మరి మమ్మల్నెవరూ ఇలా లెక్కపెట్టలేదే?"

"మిమ్మల్ని ఎవరూ లెక్కలడగలేదు కాబట్టి."

మరిది ముందుకు వంగి ఆ గీతనే చూస్తున్నాడు. పెదాలు కదులుతున్నాయి. అత్తగారు మాత్రం వదల్లేదు. "ఇవన్నీ నీకెవరు చెప్పారు? ఒక్కసారైనా నెల తప్పావా నువ్వు?"

పెద్దకోడలు లేచి నిలబడింది. మోకాళ్ళకి అంటిన సుద్ద దులుపుకోలేదు. "తప్పలేదు కాబట్టే తెలుసు అత్తయ్యా. మూడేళ్ళు లెక్కపెట్టాను. పొద్దున్నే మంచం దిగకముందే నాలిక కింద థర్మామీటరు పెట్టుకునేదాన్ని. మీరొకసారి చూసి జ్వరమా అన్నారు. అవునన్నాను. ఏ రోజు కుదురుతుందో, ఏ రోజు కుదరదో నాకు తెలిసినంతగా ఈ వీధిలో ఇంకెవరికీ తెలీదు. ఎన్ని సూదులు గుచ్చాలో అన్నీ గుచ్చారు. నాలో ఏ లోపమూ లేదన్నారు. ఇంకొక్క పరీక్ష మిగిలిందన్నారు. అది నాది కాదు."

సుత్తి చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. ఎవరూ గమనించలేదు.

అత్తగారు మెల్లగా పెద్దకొడుకు వైపు తిరిగింది. మూడు రోజులుగా చిన్నకోడలి మీద, తొమ్మిదేళ్ళుగా పెద్దకోడలి మీద వాడిన ఆ చూపు కొడుకు మీద పడడం అదే మొదలు. అతను నోట్లోంచి మేకులు ఒక్కొక్కటే తీసి అరచేతిలో పోసుకున్నాడు. చాలా ఉన్నాయి. అన్నీ తీసేదాకా అందరూ ఆగారు.

"వెళ్దామంది. చాలాసార్లు అడిగింది" అన్నాడు. "నేనే వెళ్ళలేదమ్మా."

"ఎందుకురా?"

"భయమేసింది."

అత్తగారు వెనక ఏముందో చూసుకోకుండా కూర్చుంది. గుడ్డలేని సోఫా స్ప్రింగులు కిర్రుమన్నాయి. "అయితే ఇన్నాళ్ళూ నేను దీన్ని..." అంది. 

మరిది చెప్పులు వేసుకున్నాడు. "వదిన చెప్పింది నిజమే అయ్యుంటుంది. అయినా ఒక్కసారి ఆసుపత్రికి వెళ్ళి అడిగొస్తా. ఎందుకైనా మంచిది." భార్య వైపు తిరిగి, "నువ్వూ రారాదూ?" అన్నాడు.

"నువ్వెళ్ళు" అంది చిన్నకోడలు. "నాకు అడగాల్సిందేం లేదు."

అతను వెళ్ళి, దీపాలు పెట్టే వేళకి తిరిగొచ్చాడు. వీధిలోంచే గొంతు వినపడింది. "వదిన చెప్పిందే కరెక్టు! నర్సు నవ్విందమ్మా నన్ను చూసి. వారానికి ఇద్దరు ముగ్గురు మొగుళ్ళొస్తారట ఇదే ప్రశ్నతో. వదిన మాటకి తిరుగులేదు!" నేరుగా వెళ్ళి భార్య పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోబోయాడు.

"మరి నా మాట?" అంది ఆమె.

"నువ్వేం చెప్పావు?"

"తప్పు చేయలేదని చెప్పాను."

అతని చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలీక కాసేపు గాల్లోనే ఉండి, తన మోకాలి మీదే వాలింది.

పెద్దకోడలు నేల మీద పాడుచేసిన గుడ్డ చుట్టబెడుతోంది. చిన్నకోడలు వచ్చి ఎదురుగా నిలబడింది.

"నీకు మొదటిరోజే తెలుసా అక్కా?"

కాదనడానికి సందుంది. అప్పుడే గుర్తొచ్చిందని అనొచ్చు. "తెలుసు" అంది పెద్దకోడలు.

"మోటారు మనిషి ముసలాయన. అదీ తెలుసు." చిన్నకోడలి గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఆయన నిన్ను అడుగుతున్నప్పుడు నేను లోపల గోడకానుకుని కూర్చున్నాను. నీళ్ళతో నోరు పుక్కిలిస్తూ, ఇప్పుడు చెప్తుంది, ఇప్పుడు చెప్తుంది అనుకున్నాను. మంచివాడే, నెమ్మదస్తుడు అన్నావు."

"నువ్వు వాంతి చేసుకుంటుంటే ఓర్వలేకపోయానే" అంది పెద్దకోడలు. 

"వాళ్ళు తెలీక అనుమానించారు" అంది చిన్నకోడలు. ఇంకేమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. అనకుండా వదిలేసిన ముక్క ఆ పూటంతా పెద్దకోడలి చెవుల్లో వినిపిస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున పెద్దకోడలి భర్త ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "ఆ పరీక్ష చేసేది పాత భవనంలోనా, కొత్తదాంట్లోనా?" అన్నాడు భార్యతో.

"కొత్తదాంట్లో. రెండో అంతస్తు. నేనూ రానా?"

"వద్దు. నువ్వు చాలాసార్లు ఒక్కదానివే వెళ్ళావుగా" అని వెళ్ళిపోయాడు. ఏ జవాబుతో తిరిగొస్తాడో తెలీదు. ఆమె ఎప్పటిలా దాని గురించి లెక్కలు వేయలేదు.

చిన్నకోడలి నాన్న పదింటికల్లా దిగాడు. సిటీ బస్సు డ్రైవరు. కూతురికి కడుపని విని సెలవు పెట్టి, రెండు సంచుల పళ్ళతో వచ్చాడు. అత్తగారు అతనికి కుర్చీ వేసి, పంఖా అతని వైపు తిప్పి, "ఏదో పిల్లని చూసుకుంటారని పిలిచాం అన్నయ్యగారూ. అమ్మాయి ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, ఇక్కడే ఉంటుంది, నేనే దగ్గరుండి చూసుకుంటాను" అని ఊపిరాడకుండా చెప్పింది.

చిన్నకోడలు లోపలినుంచి సంచి సర్దుకుని వచ్చింది.

"ఇదేమిటి?" అన్నాడు మరిది. "ఇప్పుడు వెళ్ళడం ఎందుకు? అంతా తేలిపోయిందిగా?"

"తేలిపోయిందిగా, అందుకే వెళ్తున్నా" అంది. తండ్రి పళ్ళ సంచులు ఎక్కడ దించాలో తెలీక ఒక్కొక్కరి ముఖమే చూస్తున్నాడు. ఆమె పెద్దకోడలి మిషను దగ్గరకి వెళ్ళింది. "అక్కా, ఆ లెక్క నాకు సరిగ్గా నేర్పు. పుట్టేది ఎప్పుడో ఎలా తెలుస్తుంది? మొదట్నుంచి చెప్పు. ఎవరైనా వచ్చి ఇన్ని వారాలంటే, అందులో ఏముందో ఇంకొకళ్ళు చెప్పేదాకా నేను కూర్చోలేను."

పెద్దకోడలు మిషను ఆపి చెప్పింది. నెలసరి మొదటి రోజు ఎందుకు పట్టుకోవాలో, నలభై వారాలు ఎలా వస్తాయో, అందులో ఎన్ని నిజంగా బిడ్డవో, నెల ఎక్కువా తక్కువా అయ్యే ఆడవాళ్ళకి ఆ లెక్క ఎలా మారుతుందో. డాక్టరు చెప్పిన రోజునే పుట్టేవాళ్ళు చాలా కొద్దిమంది అని కూడా చెప్పింది. చిన్నకోడలు ఒక్కోదాన్ని రెండోసారి పైకి చెప్పి, తప్పొచ్చినచోట దిద్దుకుంది. క్షమించానని అనలేదు. పెద్దకోడలు అడగనూలేదు. నేర్చుకోవడం అయ్యాక, "ఉంటానక్కా" అంది.

మరిది సంచి అందుకుని వీధి దాకా వచ్చాడు. "మళ్ళీ ఎప్పుడొస్తావు? ఎన్ని రోజులు?"

ఆమె సంచి అతని చేతిలోంచి తీసుకుని తండ్రికిచ్చింది.

"నువ్వే లెక్కపెట్టుకో" అంది. "ఏ రోజునుంచి మొదలుపెట్టాలో మాత్రం ఇంకెవరినీ అడక్కు."

తండ్రీకూతుళ్ళు మలుపు తిరిగి కనపడకుండా పోయారు. మరిది గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు. వాళ్ళమ్మ లోపలినుంచి రెండుసార్లు పిలిచింది. అతను ఎక్కడ మొదలుపెట్టాలో ఆలోచిస్తున్నాడు.